బడి లెక్కలూ, ఇంజనీరింగు చదువూ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల సందర్భంగా బడి ఆవరణలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు సంఘం వాళ్లు ఒక షరతు పెట్టారు. "పాత జ్ఞాపకాలు చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నువ్వు ఇంజనీరింగులో ఏం చదివావో, దాంతో ఏం పని చేస్తున్నావో చెప్పు. తొమ్మిదో తరగతి పిల్లవాడికి అర్థం కావాలి, లెక్కల మాస్టారు తల ఊపాలి" అన్నారు. మొదటిది కష్టం, రెండోది ఇంకా కష్టం. మాస్టారు ఎదురుగానే కూర్చున్నారు. నిలువుగా ఊపుతారో, అడ్డంగా ఊపుతారో చూద్దాం.

నేను చదివింది ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్స్, 1987 నుంచి 1991 దాకా. ఆ కోర్సులో డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ అని ఒక సబ్జెక్టు ఉంటుంది. పిల్లలు డీఎస్పీ అంటారు. మన ఊళ్లో ఆ మాట అంటే పోలీసు డీఎస్పీ గారే గుర్తొస్తారు. ఈ డీఎస్పీ అన్నా పిల్లలకు అంత భయమూ ఉంది. దాని ముందు సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ అని ఇంకొకటి ఉంటుంది. ఈ రెండూ దాటలేక బ్యాక్‌లాగులు పెట్టుకున్నవాళ్లు, చివరికి ఆ బ్రాంచి అంటేనే విరక్తి పెంచుకున్నవాళ్లు మా రోజుల్లోనూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. అందులో మన బడి పిల్లలూ ఉన్నారు. అందుకే ఈ వేళ ఈ సంగతి ఎత్తుకున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒకటే మాట. ఆ సబ్జెక్టులో ఉన్న అసలు ఆలోచనల్లో చాలావాటి విత్తనాలు ఈ బడి గదుల్లోనే మనకు చేతికిచ్చారు. ఆ సంగతి అక్కడ ఎవరూ చెప్పరు. ఒక్కొక్కటే చూపిస్తాను.

ముందు సిగ్నల్ అంటే ఏమిటి? కాలంతో పాటు మారే ఏ సంగతైనా సిగ్నలే. ఇప్పుడు నా గొంతు ఒక సిగ్నల్. మీ గుండె కొట్టుకోవడం ఒక సిగ్నల్. కాలవలో నీటిమట్టం, మార్కెట్ యార్డులో మిర్చి ధర కూడా సిగ్నళ్లే. దాన్ని ఎప్పటికప్పుడు కొలిచి అంకెలుగా రాసుకుని, ఆ అంకెల మీద కూడికలూ హెచ్చవేతలూ చేసి, కావలసింది పైకి తీసి, అక్కర్లేనిది పక్కన పెట్టడమే డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్. కూడిక, హెచ్చవేత. అంతకు మించి లోపల ఇంకేమీ లేదు. 1983లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీఎంఎస్ 32010 అనే చిప్పు మార్కెట్లోకి వచ్చింది. సెకనుకు 50 లక్షల ఆదేశాలు అమలు చేసేది. దాని గొప్పతనమల్లా గబగబా హెచ్చవేసి కూడటమే.

ఎంత తరచుగా కొలవాలి అన్నది మొదటి ప్రశ్న. దీనికి మీ అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటుంది. పాత సినిమాల్లో గుర్రబ్బండి ముందుకు పరిగెడుతుంటే చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించేది. చిన్నప్పుడు దీని గురించి వాదులాడుకున్నాం కూడా. సినిమా కెమెరా సెకనుకు 24 బొమ్మలు మాత్రమే తీస్తుంది. ఒక బొమ్మకీ తర్వాతి బొమ్మకీ మధ్య చక్రం తిరిగి, వెనక ఆకు వచ్చి ముందు ఆకు ఉన్న చోటుకి కాస్త ఇవతల ఆగిందనుకోండి. ఆకులన్నీ ఒకేలా ఉంటాయి కదా. మన కంటికి ముందు ఆకే కొంచెం వెనక్కి జరిగినట్టు ఉంటుంది. చక్రం అబద్ధం చెప్పలేదు, కెమెరా కూడా చెప్పలేదు. చాలినన్ని సార్లు చూడకపోవడం వల్ల వేగంగా జరిగే పని నెమ్మదిగా జరిగే ఇంకో పనిలా వేషం వేసుకుంది. దీన్నే ఏలియాసింగ్ అంటారు. మారుపేరుతో తిరగడం అన్నమాట.

దీనికి లెక్క కట్టినవాళ్లలో ముఖ్యులు 1928లో నైక్విస్ట్, 1949లో షానన్. సిగ్నల్లో ఉన్న అన్నిటికన్నా ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఎంతో, దానికి రెట్టింపు కన్నా ఎక్కువసార్లు కొలవాలన్నది సూత్రం. టెలిఫోను వాళ్లు మాటలో సుమారు 300 నుంచి 3400 హెర్ట్జుల దాకా ఉన్న భాగం చాలనుకుని సెకనుకు 8000 సార్లు కొలిచారు. దానివల్ల ఏం పోయిందో మీకు తెలుసు. "స" అనే శబ్దంలో బలమంతా ఆ హద్దుకు పైన ఉంటుంది. అది తెగిపోతే "స"కీ "ఫ"కీ తేడా చెవికి అందదు. ల్యాండ్‌లైన్లో స్పెల్లింగు చెప్పేటప్పుడు "ఎస్ ఫర్ సన్, ఎఫ్ ఫర్ ఫాదర్" అని అరిచింది అందుకే. పాటల సీడీల దగ్గరికి వచ్చేసరికి సెకనుకు 44,100 సార్లు కొలిచారు. మన చెవి సుమారు 20,000 హెర్ట్జుల దాకా వినగలదు కాబట్టి దానికి రెట్టింపు, పైన కాస్త ఎడం.

రెండోది, పిల్లల గుండెల్లో రాయి పడే మాట, కన్వల్యూషన్. పుస్తకంలో పెద్ద సిగ్మా గుర్తు, లోపల ఒకటి తిరగబడి, జరుగుతూ, హెచ్చవేతలు. చూడగానే కళ్లు తిరుగుతాయి. దాన్ని పక్కన పెట్టి మన గుడి గంట దగ్గరికి రండి. గంటను ఒకసారి కొడితే మొదటి సెకనులో 4 పాళ్లు, రెండో సెకనులో 2, మూడో సెకనులో 1 చొప్పున మోగి ఆగిపోయిందనుకుందాం. ఇప్పుడు ఒక భక్తుడు మొదటి సెకనులో మామూలుగా ఒక దెబ్బ, రెండో సెకనులో దానికి మూడింతలు గట్టిగా ఇంకో దెబ్బ కొట్టాడు. ఏ సెకనులో ఎంత శబ్దం వినిపిస్తుంది?

మొదటి సెకనులో 4. రెండో సెకనులో పాత దెబ్బ తాలూకు 2, కొత్త దెబ్బ తాలూకు 12, మొత్తం 14. మూడో సెకనులో పాతది 1, కొత్తది 6, మొత్తం 7. నాలుగో సెకనులో కొత్తది మిగిల్చిన 3. అంటే 4, 14, 7, 3. ఇదే కన్వల్యూషన్. పాత దెబ్బల మోత, కొత్త దెబ్బల మోత ఒకదాని మీద ఒకటి పడటం.

పిల్లలూ, ఇప్పుడు మీరు 421 ని 13 తో హెచ్చవేయండి. 5473 వస్తుంది. మనకు వచ్చిన 4, 14, 7, 3 లో ఆ 14 లో పదుల ఒకటిని ఎడం పక్కకి మోసి కలపండి. 5, 4, 7, 3. అదే జవాబు! ఇంజనీరింగులో భయపెట్టే కన్వల్యూషన్, అయిదో తరగతిలో చేసిన హెచ్చవేతలో అంకె మోయడం మానేస్తే వచ్చేదే. తొమ్మిదో తరగతిలో బహుపదుల గుణకారం అని చేస్తారు చూడండి, అక్కడ మోత ఉండదు, గుణకాలు విడివిడిగా ఉంటాయి. అదైతే అచ్చంగా ఇదే. జెడ్-ట్రాన్స్‌ఫార్మ్ అని ఇంకో పేరు వింటారు. మనం ఒకట్ల స్థానం, పదుల స్థానం, వందల స్థానం అని రాస్తామే, అలాగే మొదటి సెకను స్థానం, రెండో సెకను స్థానం అని సిగ్నల్‌ను బహుపదిగా రాసుకోవడమే దాని మొదటి అడుగు.

మాస్టారు నిలువుగానే ఊపుతున్నారు. ధైర్యం వచ్చింది.

మూడోది స్థిరత్వం. ఇందాక సభ మొదలయ్యే ముందు ఈ మైకు కీచుమని అరిచింది, అందరం చెవులు మూసుకున్నాం. మన బడి వార్షికోత్సవాల్లో ఈ కూత లేని ఏడాది లేదు. స్పీకరులోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకి వెళ్తుంది. అది మళ్లీ పెద్దదై స్పీకరులోంచి వస్తుంది. ఒక్కో తిరుగుడుకీ శబ్దం 0.9 వంతు అవుతుంటే పది తిరుగుళ్లకి మూడో వంతు దాకా తగ్గి చచ్చిపోతుంది. 1.1 వంతు అవుతుంటే పది తిరుగుళ్లకి రెండున్నర రెట్లు దాటుతుంది, ఆపేవాడు లేకపోతే పెరుగుతూనే పోతుంది. నూటికి పది చక్రవడ్డీకి వంద రూపాయలు అప్పు తెచ్చి పదేళ్లు వదిలేస్తే 259 రూపాయలవుతుందని ఏడో ఎనిమిదో తరగతిలో లెక్క చేశాం. అదీ ఇదీ ఒకటే సమీకరణం. ఇంజనీరింగులో దీన్ని "పోల్ యూనిట్ సర్కిల్ బయట పడితే సిస్టమ్ నిలకడగా ఉండదు" అని చెబుతారు. వాక్యం కంఠస్థం చేసినవాడు పరీక్షలో మార్కులు తెచ్చుకుంటాడు. చక్రవడ్డీ గుర్తొచ్చినవాడు మైకు ఆపరేటరు సౌండు ఎందుకు తగ్గించాడో కూడా చెబుతాడు.

నాలుగోది ఫూరియర్. ఈయన ఫ్రాన్సులో ఒక దర్జీ కొడుకు, 1768లో పుట్టాడు, పదేళ్ల ప్రాయంలోనే తల్లీ తండ్రీ పోయారు. వేడి ఒక వస్తువులో ఎలా పాకుతుందో పరిశోధించి, ఎలాంటి ఆకారపు గీతనైనా సైన్, కాస్ తరంగాల మొత్తంగా రాయవచ్చని 1807లో ఒక వ్యాసం సమర్పించాడు. పరిశీలించినవాళ్లలో లగ్రాంజ్ అంతటి మహా గణితవేత్త ఒప్పుకోలేదు. ఆ పని పుస్తకంగా రావడానికి 1822 దాకా పట్టింది. ఈ వేళ మీ జేబుల్లో ఉన్న ప్రతి సెల్‌ఫోనూ ఆయన చెప్పిన లెక్క మీదే నడుస్తోంది.

ఒక సిగ్నల్లో ఫలానా ఫ్రీక్వెన్సీ ఉందో లేదో ఎలా కనిపెడతారు? చెట్టుకి కట్టిన ఉయ్యాలను తలచుకోండి. ఉయ్యాల ఊపుకి సరిగ్గా కలిసేలా తోస్తే, చిన్న పిల్ల తోసినా అది పెరిగి పెరిగి కొమ్మ అందుకుంటుంది. ఊపుతో కలవకుండా తోస్తే ఒకసారి తోసింది ఇంకోసారి తోసింది కొట్టేసుకుంటాయి. ఫూరియర్ లెక్కలో చేసేది ఇదే. సిగ్నల్‌ను మనం వెతికే తరంగంతో హెచ్చవేసి మొత్తం కూడతాం. లోపల అదే ఊపు ఉంటే మొత్తం పెరుగుతుంది, లేకపోతే ప్లస్సులూ మైనస్సులూ పోయి సున్నా అవుతుంది. ఇంటర్మీడియెట్లో "రెండు కాస్ ఎ కాస్ బి ఈక్వల్టు" అని మొదలుపెట్టి ఒక సూత్రం బట్టీ పడతారు. కుడివైపు కాస్ ఎ మైనస్ బి ఉంటుంది చూడండి, ఎ, బి రెండూ ఒకటైతే అది కాస్ సున్నా, అంటే 1 అయి నిలబడుతుంది. మిగతా సందర్భాల్లో ఊగి ఊగి రద్దవుతుంది. ఆ సూత్రం ఎందుకు పుట్టిందో నాకు తెలిసింది డీఎస్పీ చదివాకే.

ఈ లెక్క మామూలుగా చేస్తే చాలా పని. 1024 అంకెలు తీసుకుంటే 10,48,576 హెచ్చవేతలు. 1965లో కూలీ, ట్యూకీ అనే ఇద్దరు ఒక ఉపాయం ప్రచురించారు. అంకెలను సరి స్థానాలవీ బేసి స్థానాలవీ అని రెండు వరసలు చేసి, ప్రతి వరసనూ మళ్లీ సరి బేసులు చేసి, అలా చిన్నవి చేసుకుంటూ పోతే 5,120 హెచ్చవేతలతో సరిపోతుంది. రెండు వందల రోజుల పని ఒక్క రోజులో అయిపోయినట్టు. ఇదే ఎఫ్ఎఫ్‌టీ. ఇలాంటి ఉపాయమే గాస్ 1805 నాటికే రాసుకుని ఉన్నాడని తర్వాత బయటపడింది. మా పరీక్షల్లో ఎనిమిది అంకెలకు ఎఫ్ఎఫ్‌టీ చేతితో చేయమనేవారు. సీతాకోకచిలుక రెక్కల్లా అడ్డగీతలు గీసి, ఒక ప్లస్సు మైనస్ అయితే పేజీ అంతా పోయేది. మా కాలేజీ లైబ్రరీలో ఒపెన్‌హైమ్, షాఫర్ రాసిన 1975 నాటి పుస్తకం రెండు ప్రతులు ఉండేవి, అరవై మందిమి. రాత్రి తొమ్మిదింటికి తీసుకుని పొద్దున తొమ్మిదింటికి ఇచ్చేయాలి. నాకు వంతు వచ్చిన రాత్రి హాస్టల్ గదిలో నలుగురం కూర్చుని చదివేవాళ్లం. ఒకడు ఇంగ్లీషు చదివేవాడు, ఒకడు తెలుగులో చెప్పేవాడు, మిగతా ఇద్దరం లెక్క చేసేవాళ్లం. అలా తెలుగులో చెప్పుకున్నదే నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇక నేను చేసే పని. వైద్య పరికరాల సంస్థలో ఉద్యోగం. ఈసీజీ యంత్రాలకు లోపలి లెక్కలు రాస్తాను. గుండె నుంచి చర్మం మీదికి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది, ఒక వోల్టులో వెయ్యో వంతు లెక్కన ఉంటుంది. మన గోడల్లో కరెంటు 50 హెర్ట్జులతో ఊగుతుంటుంది. అది మనిషి ఒంటి మీదికీ, తీగల మీదికీ చేరి, గుండె గీత మీద రంపపు పళ్లలా కనిపిస్తుంది. దాన్ని తీసేయాలి.

సెకనుకు 500 సార్లు కొలుస్తున్నామనుకోండి. 50 హెర్ట్జుల ఊపు ఒక్కొక్కటీ సరిగ్గా 10 కొలతల్లో పూర్తవుతుంది. కాబట్టి ఏ పది వరస కొలతల సగటు తీసినా ఆ ఊపు పైభాగం, కింది భాగం కొట్టేసుకుని సున్నా అవుతుంది. సగటు! ఆరో తరగతి లెక్క. దీన్ని తొలిసారి చేసి చూసినవాడికి ఆనందం పట్టదు. రంపపు పళ్లు మాయమై గీత నున్నగా వస్తుంది. కానీ డాక్టరు గారికి చూపిస్తే పనికిరాదంటారు. ఎందుకంటే గుండె కొట్టుకున్నప్పుడు గీతలో ఒక సన్నటి శిఖరం లేస్తుంది. సగటు దాన్ని కూడా మొద్దు చేసేసింది. ఆ శిఖరం ఎత్తు, వెడల్పు చూసే డాక్టరు కొన్ని జబ్బులు పోల్చుకుంటాడు. చెత్త తీసేయడం తేలిక, దాంతోపాటు గింజ పోకుండా చెరగడం కష్టం. ఇంట్లో చేట పట్టిన ప్రతి అమ్మకీ ఆ సంగతి తెలుసు. అందుకని 50 దగ్గర మాత్రమే సన్నగా కోసి, అటూ ఇటూ ఉన్నవాటిని తాకని ఫిల్టర్లు కట్టాలి. మరీ సన్నగా కోస్తే ఫిల్టరే గంటలా కాసేపు మోగుతుంది, గుండె చేయని పని చేసినట్టు గీత చూపిస్తుంది. ఈ రెంటి మధ్య ఎక్కడ నిలబడాలో తేల్చడమే నా జీతం. మన మండల కేంద్రంలో ఆసుపత్రిలో ఎవరికో రాత్రి పూట తీసే ఈసీజీ ఈ తేడా మీద ఆధారపడి ఉంటుంది. అక్కడ ఫార్ములా బట్టీ పట్టినవాడు ఎంతమాత్రం పనికిరాడు.

ఇంకో ముచ్చట. పొద్దున్నే మన బ్యాచ్ గ్రూపులో శుభోదయం బొమ్మలు వరదలా వస్తాయి కదా. ఆ ఫోటోలు అంత చిన్న సైజులో రావడానికి కారణం డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్, డీసీటీ. బొమ్మను ఎనిమిదికి ఎనిమిది చుక్కల గళ్లుగా కోసి, ప్రతి గడినీ కొసైన్ తరంగాల మొత్తంగా రాసి, కంటికి ఆనని వాటిని వదిలేస్తారు. దీన్ని 1974 జనవరిలో ప్రచురించిన ముగ్గురు నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు. ముగ్గురూ మన దక్షిణాది మూలాలవాళ్లే. అహ్మద్ గారు బెంగుళూరులో పుట్టినవారు. కె.ఆర్. రావు గారు, అంటే కామిశెట్టి రామమోహనరావు గారు, మన తెలుగువారు. గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి అమెరికా వెళ్లి టెక్సాస్‌లో ఆచార్యులుగా జీవితమంతా పాఠం చెప్పారు. ఈ ఆలోచన మీద పనిచేయడానికి 1972లో అహ్మద్ గారు అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను సహాయం అడిగితే ఇవ్వలేదు. ఇది మరీ తేలికగా ఉందని ఒక పరిశీలకుడు అన్నాడట. తేలికగా ఉన్నదాన్ని తక్కువగా చూడటం ఆ స్థాయిలో కూడా ఉందన్నమాట. పిల్లలూ, "ఇది చిన్న క్లాసు లెక్కే కదా" అని ఎవరైనా తీసిపారేస్తే ఈ కథ చెప్పండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కొన్నేళ్ల కిందట నా క్లాస్‌మేట్ ఫోన్ చేశాడు. "ఒరేయ్, అమ్మాయి చదువు మానేస్తానంటోందిరా, నువ్వొకసారి మాట్లాడు" అన్నాడు. ఆ అమ్మాయి మన బడిలోనే పది దాకా తెలుగు మీడియం చదివింది. లెక్కల్లో పదికి పది. ఇంజనీరింగు మూడో ఏడాదికి వచ్చేసరికి సిగ్నల్స్, డీఎస్పీ రెండూ పోయాయి. క్లాసులో నోట్సు డిక్టేషన్ చెప్పేవారట. గత పదేళ్ల ప్రశ్నపత్రాలు చూసి ముఖ్యమైన ప్రశ్నలకు జవాబులు వల్లె వేయమనేవారట. "బాబాయ్, నాకు బుర్ర లేదు, అందరికీ వస్తోంది, నాకే రావట్లేదు" అంది. ఆ మాట విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పదో తరగతి దాకా ఊళ్లో అందరూ తెలివైనదన్న పిల్ల, ఆరేళ్లలో తనకు బుర్ర లేదని తేల్చేసుకుంది.

ఏడు ఆదివారాలు ఫోన్లో కూర్చున్నాం. మొదటి ఆదివారం గుడి గంట, 421 ఇంటూ 13. లెక్క పూర్తి చేసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇది నాకు వచ్చు కదా బాబాయ్. మరి ఇదే అది అని ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఈ సభలో ఆ ప్రశ్న పెట్టడానికే వచ్చాను. ఆ అమ్మాయి తర్వాత సప్లిమెంటరీలో 58 మార్కులతో ఆ పేపరు గట్టెక్కింది. యూనివర్సిటీ ఫస్టు ఏమీ రాలేదు. కానీ చదువు మానలేదు, డిగ్రీ చేతికొచ్చింది, ఉద్యోగం చేసుకుంటోంది. ఏడు ఆదివారాల ఖర్చు ఎంత? ఏమీ లేదు. ఆ ఫోన్ రాకపోయి ఉంటే?

లోపం పిల్లల బుర్రలో లేదు. కాలేజీలో పాఠం చెప్పేవారినే అనడం కూడా న్యాయం కాదు, వాళ్లకి సిలబస్ గంటలు లెక్కపెట్టి ఇస్తారు. బడికీ కాలేజీకీ మధ్య ఒక వంతెన లేదు. పైగా భాష మారిపోతుంది. "కాజల్", "స్టేబుల్", "ఇంపల్స్ రెస్పాన్స్" అనే మాటలకు వెనక ఉన్న గంట, వడ్డీ, ఉయ్యాల ఎవరూ చూపించరు. పిల్ల ఇంగ్లీషుతో కుస్తీ పడుతూ అది లెక్కతో కుస్తీ అనుకుంటుంది. నేను ఇంగ్లీషు వద్దనడం లేదు. నా ఉద్యోగమంతా ఇంగ్లీషులోనే నడుస్తుంది. మొదటిసారి అర్థం కావడం మాత్రం సొంత భాషలో అయితే, తర్వాత ఏ భాషలో చెప్పినా నిలుస్తుంది.

అందుకని మూడు విన్నపాలు.

గురువులకు చెప్పేంతటివాణ్ని కాను, అడుగుతున్నాను. హెచ్చవేతలు, బహుపదులు, చక్రవడ్డీ, సగటు, త్రికోణమితి చెప్పేటప్పుడు "ఇది ఫలానా చోట పనికొస్తుంది" అని ఒక్క వాక్యం చేర్చండి. ఆ వాక్యాలు ఏమిటో రాసి ఇచ్చే పూచీ నాది. పదో తరగతి దాకా అధ్యాయం వారీగా ఒక చిన్న పుస్తకం తయారు చేస్తున్నాను, వేసవి సెలవుల తర్వాత మీ చేతికిస్తాను. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్దండి, మీకు అలవాటేగా.

పూర్వ విద్యార్థులకు. మనం బడికి గేటు కట్టించాం, ఫ్యాన్లు ఇచ్చాం, మంచినీళ్ల ట్యాంకు పెట్టించాం. మంచి పనులు. ఇప్పుడు ఒక ల్యాప్‌టాప్, ఒక మంచి మైకు కావాలి. ఆడాసిటీ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది. పిల్ల ఈల వేస్తే తెర మీద ఒక్కటే గీత వస్తుంది. "ఆ" అంటే నిచ్చెన మెట్లలా గీతలు వస్తాయి. "స్" అంటే తుంపర పడ్డట్టు పైనంతా చుక్కలు పరుచుకుంటాయి. తన గొంతును తాను కళ్లతో చూసిన పిల్ల ఫూరియర్ పేరు విని భయపడదు. నెలకు రెండో శనివారం నేను వస్తాను. మిగతా శనివారాలకు మీలో ఇంజనీర్లు, డాక్టర్లు, బ్యాంకు వాళ్లు, వ్యవసాయం చేసేవాళ్లు ఎవరి పనిలో ఉన్న లెక్కను వాళ్లు పట్టుకుని రండి. బయట టేబుల్ దగ్గర ఒక రిజిస్టరు పెట్టాం. పేరు, ఏ శనివారం రాగలరో రాయండి. కాలేజీలో చదువుతున్న మన పిల్లలు ఫోన్ చేయడానికి వీలుగా ఏ సబ్జెక్టుకు ఎవరు అన్న జాబితా కూడా అందులోంచే తయారవుతుంది.

చివరగా పిల్లలకు. మీలో కొందరు ఎలక్ట్రానిక్స్ చదువుతారు, కొందరు చదవరు. ఏది చదివినా ఒక రోజు ఒక పేజీ మొత్తం అర్థం కాని గుర్తులతో మీ ముందుకొస్తుంది. అప్పుడు "నాకు బుర్ర లేదు" అనుకోకండి. "దీంట్లో నాకు ముందే తెలిసింది ఏముంది?" అని అడగండి. దొరక్కపోతే మాకు ఫోన్ చేయండి. ఏ ఊళ్లో ఉన్నా, ఎంత రాత్రయినా ఎత్తుతాం. కనీసం నేను ఎత్తుతాను.

సమయం మించిపోయినట్టుంది, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు.   సెలవు.